భాగం 9: స్థితి వర్ణన – తప్పుదోవ పట్టించే మాటలు: పాత బేస్‌బాల్ కార్డుల ఆన్‌లైన్ అమ్మకం ఒక పరిశీలన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రవేశిక
9.2 కార్డు స్థితి, ధర
9.3 తప్పుదోవ పట్టించే వర్ణనల రకాలు
9.4 మార్కెట్‌పై ప్రభావం
9.5 పరిష్కారాలు, వాటి పరిమితులు
9.6 సరైన వర్ణన రాసే పద్ధతి
9.7 సారాంశం
9.8 పదకోశం
9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• పాత బేస్‌బాల్ కార్డు ధరను నిర్ణయించడంలో దాని స్థితికి ఉన్న పాత్రను వివరించగలుగుతారు.
• అబద్ధం చెప్పకుండానే ఒక వర్ణన కొనుగోలుదారును ఎలా తప్పుదోవ పట్టించగలదో గుర్తించగలుగుతారు.
• ఇలాంటి వర్ణనల వల్ల మార్కెట్‌కు కలిగే నష్టాన్ని సమాచార అసమానత సిద్ధాంతంతో విశ్లేషించగలుగుతారు.
• గ్రేడింగ్ సంస్థలు, అమ్మకందారు రేటింగులు, చట్టం – ఈ మూడింటి ఉపయోగాన్ని, పరిమితులను చర్చించగలుగుతారు.
• పరీక్షించి చూడదగిన స్థితి వర్ణనను స్వయంగా రాయగలుగుతారు.

9.1 ప్రవేశిక

దుకాణంలో వస్తువు కొనేటప్పుడు మనం దాన్ని చేతిలోకి తీసుకుంటాం. తిరగేసి చూస్తాం. వెలుతురుకు పట్టి చూస్తాం. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ అవకాశం లేదు. అమ్మకందారు రాసిన నాలుగు వాక్యాలు, పెట్టిన రెండు మూడు ఫోటోలు – ఇవే ఆధారం. కొత్త వస్తువు విషయంలో దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే నమూనా వస్తువులన్నీ ఒకేలా ఉంటాయి. పాత వస్తువు అలా కాదు. ప్రతి పాత వస్తువుకూ దానిదైన అరుగుదల ఉంటుంది. ఆ అరుగుదల ఎంతో అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు.

ఈ సమస్యను పరిశీలించడానికి అమెరికాలోని పాత బేస్‌బాల్ కార్డుల వ్యాపారం చక్కని ఉదాహరణ. బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసిన చిన్న అట్టముక్కలే ఈ కార్డులు. ఇవి మొదట్లో సిగరెట్ పెట్టెల్లోనూ, తరవాత బబుల్‌గమ్ పొట్లాల్లోనూ వచ్చేవి. చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలో, తపాలా బిళ్ళలో కూడబెట్టినవారికి ఈ సరదా వెంటనే అర్థమవుతుంది. ఈనాడు అమెరికాలో అది సరదా మాత్రమే కాదు, పెద్ద వ్యాపారం కూడా.

ఇన్ని వస్తువులు ఉండగా ఈ ఉదాహరణే ఎందుకు? ఒకే సంవత్సరంలో వచ్చిన, ఒకే నంబరు గల కార్డు ప్రతులు ఒకే బొమ్మతో, ఒకే అచ్చు పలక మీద తయారైనవి. అచ్చులో వచ్చే చిన్న తేడాలు తప్ప అవి దాదాపు ఒకటే. తరవాత ఒక ప్రతి పుస్తకం మధ్య పదిలంగా ఉండిపోయింది. మరొకటి పిల్లవాడి జేబులో నలిగింది. ఇంకొకటి సైకిల్ చక్రం ఊచలకు తగులుతూ టపటపమని చప్పుడు చేయడానికి పనికివచ్చింది. కాబట్టి ఈ ప్రతుల ధరల మధ్య తేడాకు ముఖ్య కారణం స్థితే. స్థితి గురించి చెప్పే మాటకు ఎంత విలువ ఉందో ఇంత స్పష్టంగా చూపించే మార్కెట్లు తక్కువ.

9.2 కార్డు స్థితి, ధర

9.2.1 స్థితిని నిర్ణయించే అంశాలు

కార్డు స్థితిని సాధారణంగా నాలుగు అంశాల ఆధారంగా నిర్ణయిస్తారు.

(అ) మూలలు: నాలుగు మూలలూ సూదిగా ఉన్నాయా, మొద్దుబారాయా, పొరలు విడిపోయాయా అని చూస్తారు.

(ఆ) అంచులు: రంగు రాలడం, గరుకుదనం, గాట్లు చూస్తారు. టాప్స్ కంపెనీ 1971లో విడుదల చేసిన కార్డులకు నల్లని అంచులు ఉండేవి. వాటిమీద ఏ చిన్న రంగు రాలినా కింద ఉన్న తెల్లని అట్ట బయటపడుతుంది. అందువల్ల ఆ సంవత్సరపు కార్డులు మంచి స్థితిలో దొరకడం కష్టం.

(ఇ) ఉపరితలం: మడత గీతలు, గీరుకుపోయిన గుర్తులు, మరకలు, కలం రాతలు, గుండుసూది రంధ్రాలు, ఆల్బమ్‌లో అంటించి పీకినప్పుడు వెనక ఊడిన కాగితం – ఇవన్నీ ఇందులోకి వస్తాయి. బబుల్‌గమ్ మరకలు, పొట్లం మైనపు కాగితం మరకలు కూడా పాత కార్డుల్లో తరచు కనిపిస్తాయి.

(ఈ) బొమ్మ కుదురు: చుట్టూ ఉన్న ఖాళీ అంచుల మధ్య బొమ్మ సరిగ్గా నడుమ ఉందా అని చూస్తారు. దీన్ని నిష్పత్తిలో చెబుతారు. ఉదాహరణకు ఎడమ అంచు వెడల్పు 3 మిల్లీమీటర్లు, కుడి అంచు వెడల్పు 2 మిల్లీమీటర్లు అనుకోండి. మొత్తం 5 మిల్లీమీటర్లు. ఎడమ వాటా 60 శాతం, కుడి వాటా 40 శాతం. దీన్ని 60/40 అంటారు. రెండు వైపులా సమానంగా ఉంటే 50/50. పై అంచుకు, కింది అంచుకు కూడా ఇలాగే లెక్క కడతారు.

ఈ నాలుగింటిలో చివరిది మాత్రమే అంకెల్లో కచ్చితంగా చెప్పగలిగేది. మిగిలిన మూడూ చూసేవారి కన్ను మీద ఆధారపడతాయి. తప్పుదోవ పట్టించడానికి చోటు దొరికేది ఇక్కడే.

9.2.2 గ్రేడు పదాల అర్థం

కార్డుల వ్యాపారంలో స్థితిని సూచించడానికి కొన్ని పదాలు స్థిరపడ్డాయి. 1991లో మొదలైన పి.ఎస్.ఎ. అనే గ్రేడింగ్ సంస్థ వాటిని 1 నుంచి 10 వరకు ఉన్న కొలమానంతో జోడించింది. అది స్థూలంగా ఇలా ఉంటుంది:

10 – జెమ్ మింట్
9 – మింట్
8 – నియర్ మింట్-మింట్
7 – నియర్ మింట్
6 – ఎక్సలెంట్-మింట్
5 – ఎక్సలెంట్
4 – వెరీ గుడ్-ఎక్సలెంట్
3 – వెరీ గుడ్
2 – గుడ్
1 – పూర్

‘మింట్’ అంటే టంకశాల. టంకశాల నుంచి అప్పుడే బయటికి వచ్చిన నాణెంలా ఉందని భావం. నాణేల సేకరణ నుంచి ఈ మాట కార్డులకు వచ్చింది.

ఈ జాబితాను మరొకసారి జాగ్రత్తగా చదవండి. రోజువారీ మాటల్లో ‘గుడ్’ అంటే బాగుందని అర్థం. ఇక్కడ అది పదింటికి రెండు. ‘గుడ్’ కార్డుకు మూలలు గుండ్రంగా అరిగి ఉండవచ్చు, మడతలు ఉండవచ్చు. ‘ఎక్సలెంట్’ అంటే అద్భుతం కాదు, సరిగ్గా కొలమానం మధ్యలో ఉన్న 5. వ్యాపారం తెలిసినవారు ఈ పదాలను కొలమానంలోని అర్థంతో వాడతారు. కొత్తగా కొనేవారు వాటినే మామూలు అర్థంతో చదువుతారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఒకరు మోసపోయినట్టు భావిస్తారు.

స్థితికీ ధరకూ ఉన్న సంబంధాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. టాప్స్ కంపెనీ 1952లో విడుదల చేసిన మికీ మాంటిల్ కార్డు, నంబరు 311, ఈ రంగంలో ఎంతో ప్రసిద్ధమైంది. ఎస్.జి.సి. అనే గ్రేడింగ్ సంస్థ 9.5 గ్రేడు ఇచ్చిన ఒక ప్రతి 2022 ఆగస్టులో జరిగిన వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మడతలు పడి, మూలలు అరిగిన అదే కార్డు ప్రతులు వేల డాలర్లలో అమ్ముడవుతుంటాయి. బొమ్మ అదే, అట్ట అదే, సంవత్సరం అదే. ధరను మార్చింది స్థితి. ఇంత తేడా ఉన్నచోట స్థితిని ఒక మెట్టు ఎక్కువ చేసి చెప్పాలన్న ఆశ అమ్మకందారుకు కలగడం సహజం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. ఒక కార్డు ఎడమ అంచు 4 మిల్లీమీటర్లు, కుడి అంచు 1 మిల్లీమీటరు. బొమ్మ కుదురు నిష్పత్తి ఎంత?
2. పదింటి కొలమానంలో ‘వెరీ గుడ్’ ఎన్నో అంకెను సూచిస్తుంది?

9.3 తప్పుదోవ పట్టించే వర్ణనల రకాలు

తప్పుదోవ పట్టించే వర్ణన అనగానే మనకు పచ్చి అబద్ధం గుర్తుకు వస్తుంది. ఆచరణలో ఎక్కువగా కనిపించేవి అలాంటివి కావు. వాటిని నాలుగు రకాలుగా విభజించి చూడవచ్చు.

9.3.1 కొలబద్ద లేని పొగడ్త

“పాత కార్డు కనుక చాలా బాగా ఉన్నట్టే.” “చూడడానికి మింట్‌లా ఉంది.” “గ్రేడింగ్‌కు పంపితే 8 రావచ్చు.” ఇలాంటి వాక్యాల్లో పరీక్షించి చూడదగిన విషయం ఏదీ లేదు. మొదటి వాక్యంలోని ‘పాత కార్డు కనుక’ అనే మినహాయింపుకు ఆధారం లేదు. గ్రేడింగ్‌లో వయస్సుకు రాయితీ ఉండదు, 1952 నాటి మడతా మడతే. మూడో వాక్యంలోని ‘రావచ్చు’ అనే మాట 8 అనే అంకెను కొనుగోలుదారు మనస్సులో నాటుతుంది, బాధ్యతను మాత్రం తీసుకోదు. రేపు గ్రేడు 5 వస్తే, “వస్తుందని నేను చెప్పలేదే!” అనడానికి వీలుంటుంది.

ఖరీదైన పాత కార్డు విషయంలో ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. నిజంగా 8 వచ్చే కార్డయితే దాన్ని గ్రేడింగ్ చేయించి, ఎక్కువ ధరకే అమ్ముకోవచ్చు కదా? తక్కువ ధర కార్డులకు గ్రేడింగ్ రుసుము గిట్టుబాటు కాదు. కాబట్టి వాటిని పంపకపోవడంలో వింత లేదు. ఖరీదైన కార్డును పంపకపోవడానికి మాత్రం కారణం అడగాల్సిందే.

9.3.2 మౌనం

వర్ణనలో మూలల గురించి, రంగుల గురించి వివరంగా రాసి, వెనకవైపు గురించి ఒక్క మాట కూడా రాయకపోవచ్చు. వెనక కాగితం ఊడి ఉండవచ్చు. రాసిన ప్రతి మాటా నిజమే. కాని రాయని మాట కార్డు ధరను సగానికి తగ్గించగలది. “నేను నిపుణుణ్ణి కాను. ఫోటోలు చూసి మీరే నిర్ణయించుకోండి” అనే వాక్యం కూడా ఈ కోవలోకే వస్తుంది. అది కొన్ని సందర్భాల్లో నిజాయితీగా చెప్పిన మాటే. తాతగారి పెట్టెలో దొరికిన కార్డులను అమ్ముతున్నవారు అలా రాయడంలో తప్పు లేదు. వందల కార్డులు అమ్మిన అమ్మకందారు అదే వాక్యం రాస్తే అనుమానించాలి. మడత గీతను గుర్తించడానికి నిపుణుడు కానక్కరలేదు.

9.3.3 ఫోటో

ఫోటో అబద్ధం చెప్పదని చాలామంది నమ్మకం. పాత కార్డుల విషయంలో ఈ నమ్మకం ప్రమాదకరం. ఉపరితలం చిట్లని సన్నని ముడత నేరుగా తీసిన ఫోటోలోనో, స్కానర్ ప్రతిలోనో కనిపించకపోవచ్చు. కార్డును ఏటవాలుగా పట్టుకుని వెలుతురు పక్కనుంచి పడేలా చేసినప్పుడు మాత్రమే అది కనిపిస్తుంది. ప్లాస్టిక్ తొడుగు మీది మెరుపులో గీతలు దాగిపోతాయి. అంచులు కత్తిరించుకుపోయేలా ఫోటో తీస్తే బొమ్మ కుదురు తెలియదు. మసక వెలుతురులో మరక నీడలా కనిపిస్తుంది.

9.3.4 వెల్లడించని మార్పులు

పై మూడు రకాల్లో లోపం దాగి ఉంటుంది. ఈ నాలుగో రకంలో లోపాన్ని చెరిపివేసే ప్రయత్నం జరుగుతుంది. ముఖ్యమైన పద్ధతులు ఇవి:

• కత్తిరింపు: అరిగిన అంచును, మూలలను సన్నగా కోసి కొత్తగా కనిపించేలా చేయడం. దీనివల్ల కార్డు కొలత తగ్గుతుంది. 1952 టాప్స్ కార్డుల కొలత 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి ఆ కంపెనీ మామూలు కార్డుల కొలత 2½ × 3½ అంగుళాలు. కొలత తెలిసి ఉండటం కొనుగోలుదారుకు మొదటి రక్షణ. అయితే అచ్చు కేంద్రంలోనే కోతలో కొద్ది తేడా వచ్చే అవకాశం ఉంది కాబట్టి కొలత ఒక్కటే తుది రుజువు కాదు.
• రంగు పూయడం: రాలిన రంగు మీద కలంతోనో, మార్కర్‌తోనో పూత వేయడం. 1971 నాటి నల్లని అంచుల కార్డులకు ఈ బెడద ఎక్కువ.
• అదమడం: మడతలు, ముడతలు కనిపించకుండా తడిపి, బరువు పెట్టి చదును చేయడం.
• పునర్ముద్రణను అసలుగా చూపడం: టాప్స్ కంపెనీ తన 1952 కార్డులను 1983లో పునర్ముద్రించింది. అవి అసలు కార్డులకంటే చిన్నవి. వెనకవైపు పునర్ముద్రణ అని అచ్చువేసి ఉంటుంది. అలాంటి కార్డు వెనకవైపు ఫోటో పెట్టకుండా “1952 మాంటిల్” అని మాత్రమే రాస్తే అది వర్ణన లోపం కాదు, మోసం.

మార్పు చేసిన కార్డును అమ్మడం దానంతట అదే తప్పు కాదు. కత్తిరించిన కార్డు అని చెప్పి తక్కువ ధరకు అమ్మితే కొనేవారూ ఉన్నారు. చెప్పకపోవడమే తప్పు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. ‘గ్రేడింగ్‌కు పంపితే 8 రావచ్చు’ అనే వర్ణనలోని లోపం ఏమిటి?
4. కార్డు కత్తిరించి ఉందేమో తెలుసుకోవడానికి చేయవలసిన మొదటి పరీక్ష ఏది?

9.4 మార్కెట్‌పై ప్రభావం

9.4.1 సమాచార అసమానత

అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ ఎకర్‌లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఈ రంగంలో చేసిన కృషికి ఆయనకు మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ వాదనను కార్డులకు అన్వయించి చూద్దాం.

ఊహాత్మక ఉదాహరణ: ఒక కార్డు మంచి ప్రతి విలువ 100 డాలర్లు, అరిగిన ప్రతి విలువ 40 డాలర్లు. మార్కెట్‌లో ఇవి సగం సగం ఉన్నాయి. అన్నింటి మీదా ‘మింట్’ అనే రాసి ఉంది. కొనుగోలుదారు ఏది ఏదో తెలుసుకోలేడు. అప్పుడతడు సగటున 70 డాలర్లకు మించి ఇవ్వడు. నిజంగా మంచి ప్రతి ఉన్నవారికి 70 డాలర్లు గిట్టవు. వారు అమ్మకం మానుకుంటారు. ఇక మిగిలేవి అరిగిన ప్రతులే. కొనుగోలుదారులు ఈ సంగతి గ్రహించాక ధర 40 డాలర్లకు పడిపోతుంది. చెడ్డ సరుకు మంచి సరుకును మార్కెట్ నుంచి వెళ్లగొట్టింది. దీన్నే ‘ప్రతికూల ఎంపిక’ అంటారు.

ఇందులో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. తప్పుడు వర్ణనవల్ల నష్టపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు. నిజం రాసిన అమ్మకందారు కూడా నష్టపోతాడు. ‘మింట్’ అనే మాటను అందరూ వాడేశాక, నిజమైన మింట్ కార్డు ఉన్నవాడికి దాన్ని చెప్పుకోవడానికి మాట మిగలదు.

9.4.2 ఒక క్షేత్ర ప్రయోగం

ఆర్థికశాస్త్రవేత్తలు జింజర్ జిన్, ఆండ్రూ కాటో ఈబేలో అమ్మకానికి వచ్చిన గ్రేడు లేని బేస్‌బాల్ కార్డులను స్వయంగా కొని, వాటిని గ్రేడింగ్ చేయించి, అమ్మకందారు చెప్పిన స్థితితో పోల్చారు. ఈ అధ్యయనం 2006లో ప్రచురితమైంది. అందులోని ముఖ్య ఫలితాలు మూడు:

(i) స్థితి గొప్పగా ఉందని చెప్పుకున్న కార్డులకు కొందరు కొనుగోలుదారులు ఎక్కువ ధర ఇచ్చారు. కాని వారికి అందినవి మిగతావాటికంటే మెరుగైన కార్డులు కావు.

(ii) గొప్పలు చెప్పిన అమ్మకందారుల దగ్గర కొన్నవారు మోసపోవడం కూడా ఎక్కువగా జరిగింది.

(iii) మంచి రేటింగు ఉన్న అమ్మకందారులు వస్తువును చిత్తశుద్ధితో పంపే విషయంలో నమ్మదగినవారిగా తేలారు. కాని లావాదేవీ సజావుగా పూర్తయిన సందర్భాల్లో వారు పంపిన కార్డుల నాణ్యత ఇతరులకంటే మెరుగ్గా లేదు.

మూడో ఫలితం ఆలోచించదగింది. రేటింగు ఇచ్చే కొనుగోలుదారు సాధారణంగా ఏం చూస్తాడు? కార్డు వచ్చిందా, సమయానికి వచ్చిందా, జాగ్రత్తగా కట్టి పంపారా అని చూస్తాడు. స్థితిని అంచనా కట్టగల నేర్పు అతనికే లేనప్పుడు, ‘మింట్’ అన్నది నిజానికి 6 అని అతనికి తెలియదు. తెలియని మోసానికి ఫిర్యాదు ఉండదు. అందువల్ల రేటింగు దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో విడదీసి చూడటం అవసరం.

9.5 పరిష్కారాలు, వాటి పరిమితులు

9.5.1 మూడో పక్షం గ్రేడింగ్

అమ్మకందారు మాటను కొనుగోలుదారు నమ్మలేనప్పుడు, ఇద్దరికీ సంబంధం లేని మూడో సంస్థ కార్డును పరిశీలించి గ్రేడు ఇస్తుంది. తరవాత దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు చేస్తుంది. ఇది ప్రతికూల ఎంపికకు మంచి విరుగుడు. అయితే ఇది కూడా మనుషుల తీర్పే.

దీనికి చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ హోనస్ వాగ్నర్ కార్డు. 1909–1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టి206 అనే వరుసలోని అరుదైన కార్డు ఇది. దాని ఒక ప్రతిని హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ మరొకరితో కలిసి 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకు వేలంలో కొన్నాడు. పి.ఎస్.ఎ. గ్రేడు ఇచ్చిన మొట్టమొదటి కార్డు ఇదే. దానికి 8 ఇచ్చారు. 2007లో అది 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. ఈ కార్డును పూర్వం అమ్మిన వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, వేలంపాటల్లో దొంగ పాటలకు సంబంధించిన మోసం కేసులో 2013లో నేరం ఒప్పుకున్నాడు. ఆ సందర్భంలోనే వాగ్నర్ కార్డు పక్క అంచులను తాను కత్తిరించినట్టు కూడా అంగీకరించాడు. 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది. అంటే ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన కార్డు వర్ణన ఇరవై ఏళ్లకు పైగా అసంపూర్ణంగానే ఉండిపోయింది. మొదటి గ్రేడే కత్తిరింపును పట్టుకోలేకపోయింది.

దీన్నిబట్టి గ్రేడింగ్ వృథా అనుకోకూడదు. డబ్బీ మీది అంకెను చూసి కార్డును చూడటం మానకూడదన్నదే ఇందులోని పాఠం.

9.5.2 పేరు, పరిచయం

జాన్ లిస్ట్ అనే ఆర్థికశాస్త్రవేత్త క్రీడాకార్డుల ప్రదర్శనల్లో ముఖాముఖి అమ్మకాలను పరిశీలించాడు. కొనుగోలుదారు ఎక్కువ ధర ఇవ్వజూపినప్పుడు, ఆ ప్రాంతంలోనే వ్యాపారం చేసుకునే స్థానిక వర్తకులు అందుకు తగిన మెరుగైన కార్డు ఇచ్చే ధోరణి కనిపించింది. ఎక్కడినుంచో వచ్చి వెళ్లిపోయే వర్తకుల్లో ఆ ధోరణి కనిపించలేదు. రేపు మళ్లీ అదే ముఖం చూడవలసి ఉండటం వర్తకుణ్ణి అదుపులో ఉంచుతుంది. ఆన్‌లైన్ అమ్మకంలో ఆ పరిచయానికి బదులుగా రేటింగు వచ్చింది. దాని పరిమితిని పైన చూశాం.

9.5.3 చట్టం, వేదిక నిబంధనలు

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ అనుసరించే ఏకరూప వాణిజ్య స్మృతి ప్రకారం, బేరానికి ఆధారమైన వస్తువు వర్ణన హామీగానే పరిగణన పొందుతుంది. అమ్మకందారు ‘హామీ’ అనే మాట వాడనక్కరలేదు. అయితే కేవలం అభిప్రాయం, పొగడ్త హామీ కావు. ‘మడతలు లేవు’ అన్నది వర్ణన. ‘అందమైన కార్డు’ అన్నది పొగడ్త. ‘చూడడానికి మింట్‌లా ఉంది’ అన్నది ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. తప్పుదోవ పట్టించాలనుకునేవారికి ఈ మధ్య చోటే అనుకూలం. ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం’ అని రాసినా, స్పష్టంగా ఇచ్చిన వర్ణన నుంచి అమ్మకందారు తప్పించుకోలేడు.

ఈబేలో అమ్మకందారు ‘వాపసు లేదు’ అని రాసినప్పటికీ, వర్ణనకు సరిపోని వస్తువు వస్తే కొనుగోలుదారు వాపసు కోరవచ్చు. వర్ణన అస్పష్టంగా ఉంటే, దానికి సరిపోలేదని నిరూపించడం కష్టం.

వ్యాపార చట్టాల పాఠంలో మీరు చదివిన మన వస్తు విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్‌ను ఇక్కడ గుర్తుచేసుకోండి. వర్ణన ఆధారంగా జరిగిన అమ్మకంలో వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది గర్భిత షరతు. రెండు దేశాల్లోనూ సూత్రం ఒకటే: ఎంత స్పష్టంగా వర్ణిస్తే కొనుగోలుదారుకు అంత రక్షణ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
5. వర్ణనకూ పొగడ్తకూ తేడా ఏమిటి? ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.

9.6 సరైన వర్ణన రాసే పద్ధతి

ఇంతవరకు చేసిన చర్చ సారాన్ని ఒక నియమంగా చెప్పవచ్చు: కొనుగోలుదారు కార్డు చేతికి వచ్చాక సరిచూసుకోగలిగిన మాటలే రాయాలి. ఒకే కార్డుకు రాసిన రెండు వర్ణనలను పోల్చి చూడండి. కార్డు 1971 టాప్స్ వరుసలోనిది, గ్రేడింగ్ చేయించనిది అనుకుందాం.

వర్ణన ‘క’: “1971 టాప్స్. అద్భుతమైన పాత కార్డు! సూదిలాంటి మూలలు. దాదాపు మింట్. ఇలాంటివి మళ్లీ దొరకవు. ఫోటో చూసి నిర్ణయించుకోండి.”

వర్ణన ‘ఖ’: “1971 టాప్స్. గ్రేడింగ్ చేయించలేదు. కొలత 2½ × 3½ అంగుళాలు. మూడు మూలలు సూదిగా ఉన్నాయి. కింది కుడి మూలలో నలుపు రాలి తెల్లని చుక్క కనిపిస్తుంది. ఎడమ అంచు మీద రెండు చోట్ల రంగు రాలింది. రంగు పూసిన జాడలు కనిపించలేదు. బొమ్మ కుదురు పక్కలకు సుమారు 60/40. మడతలు లేవు. వెనకవైపు పైభాగంలో లేత గమ్ మరక ఉంది. తొడుగు తీసి ముందు, వెనక, ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటోలు ఇచ్చాను. నా అంచనా ఎక్సలెంట్, అంటే 5. వర్ణనకు సరిపోకపోతే వాపసు తీసుకుంటాను.”

‘క’లో ఒక అబద్ధమైనా ఉందని కచ్చితంగా చెప్పడం కష్టం. నాలుగింటిలో మూడు మూలలు సూదిగానే ఉన్నాయి. నాలుగో మూల గురించే ప్రకటన మాట్లాడలేదు. ‘ఖ’లో మాత్రం తప్పు ఉంటే వెంటనే దొరుకుతుంది. ఆ దొరికే వీలే దాని బలం. దానిలో చివరన ఇచ్చిన గ్రేడు అంచనా తప్పినా నష్టం కొద్దిగానే ఉంటుంది. లోపాలన్నీ ముందే చెప్పినందువల్ల కొనుగోలుదారు తన అంచనా తాను వేసుకోగలడు. గ్రేడును పదంతో పాటు అంకెలో కూడా చెప్పడం వల్ల ‘ఎక్సలెంట్’ అనే మాటను కొత్తవారు అపార్థం చేసుకునే ప్రమాదం తప్పుతుంది.

అమ్మకందారు వర్ణన రాసేముందు, కొనుగోలుదారు డబ్బు చెల్లించేముందు వేసుకోవలసిన ప్రశ్నలు:

1. నాలుగు మూలల గురించీ చెప్పారా?
2. వెనకవైపు గురించి రాశారా, ఫోటో ఉందా?
3. మడతలు, ముడతలు ఉన్నాయో లేవో స్పష్టంగా ఉందా?
4. కొలత ఇచ్చారా?
5. కత్తిరింపు, రంగు పూత, అదమడం వంటి మార్పుల గురించి ఒక మాటైనా ఉందా?
6. గ్రేడు చెప్పింది ఎవరు? సంస్థా, అమ్మకందారా?

వీటిలో దేనికైనా జవాబు దొరకకపోతే కొనుగోలుదారు రాతపూర్వకంగా అడగాలి. జవాబు ఇవ్వడానికి ఇష్టపడకపోవడం కూడా ఒక జవాబే.

9.7 సారాంశం

పాత బేస్‌బాల్ కార్డుల ధరను ప్రధానంగా నిర్ణయించేది స్థితి. స్థితి గురించి అమ్మకందారుకు తెలిసినంత కొనుగోలుదారుకు తెలియదు. తప్పుదోవ పట్టించే వర్ణనలు ఎక్కువగా అబద్ధాలతో కాక కొలబద్ద లేని పొగడ్తతో, మౌనంతో, లోపం కనిపించని ఫోటోతో, వెల్లడించని మార్పులతో పనిచేస్తాయి. వీటివల్ల కొనుగోలుదారులే కాక నిజాయితీగల అమ్మకందారులు కూడా నష్టపోతారు. గ్రేడింగ్, రేటింగు, చట్టం కొంతవరకు రక్షణ ఇస్తాయి. కాని గ్రేడు పొరబడవచ్చు, రేటింగు స్థితిని కొలవదు, చట్టం అస్పష్టమైన మాటను పట్టుకోలేదు. లోపాలను పేరుపేరునా చెప్పి, సరిచూసుకునే వీలు కల్పించే వర్ణనే అన్నిటికీ మూలం.

9.8 పదకోశం

అదమడం: మడతలు కనిపించకుండా కార్డును బరువుతో చదును చేయడం.
గర్భిత షరతు: ఒప్పందంలో రాయకపోయినా చట్టం ఉన్నట్టుగా భావించే షరతు.
ప్రతికూల ఎంపిక: నాణ్యత తెలియనందువల్ల మంచి సరుకు మార్కెట్ నుంచి తప్పుకుని, తక్కువరకం సరుకు మిగలడం.
బొమ్మ కుదురు: కార్డు అంచుల మధ్య బొమ్మ ఎంతమేరకు నడుమ ఉందో తెలిపే నిష్పత్తి.
సమాచార అసమానత: లావాదేవీలో ఒక పక్షానికి రెండో పక్షంకంటే ఎక్కువ విషయం తెలిసి ఉండటం.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. మొత్తం 5 మిల్లీమీటర్లలో ఎడమ వాటా 80 శాతం, కుడి వాటా 20 శాతం. నిష్పత్తి 80/20.
2. 3.
3. అది అంకెను సూచిస్తుంది కాని దానికి బాధ్యత వహించదు. సరిచూసుకోగల విషయం అందులో లేదు.
4. కార్డు కొలతను ఆ వరుస అసలు కొలతతో పోల్చడం.
5. వర్ణన సరిచూసుకోగల విషయం, ఉదాహరణకు ‘మడతలు లేవు’. పొగడ్త అభిప్రాయం మాత్రమే, ఉదాహరణకు ‘అందమైన కార్డు’.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తప్పుదోవ పట్టించే స్థితి వర్ణనల రకాలను ఉదాహరణలతో వివరించండి.
2. తప్పుడు వర్ణనలవల్ల నిజాయితీగల అమ్మకందారు ఎలా నష్టపోతాడు? ఎకర్‌లాఫ్ వాదన ఆధారంగా విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. హోనస్ వాగ్నర్ కార్డు ఉదంతం గ్రేడింగ్ వ్యవస్థ గురించి ఏం తెలియజేస్తుంది?
2. అమ్మకందారు రేటింగు స్థితి వర్ణనకు ఎందుకు పూర్తి హామీ కాలేదు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక పాత పుస్తకాన్ని తీసుకుని, 9.6లోని పద్ధతిలో దాని స్థితిని వర్ణించండి. ఆ వర్ణనను పుస్తకం చూడని మరొకరికి చదివి వినిపించండి. తరవాత పుస్తకం చూపించి, మీరు చెప్పకుండా వదిలేసినవి ఏమిటో అడిగి రాసుకోండి.